ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకోవడం: ఖర్చెంత, సంతోషమెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడి, చట్టప్రకారం తుపాకి ఉంచుకోగలిగి, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళే అలవాటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ చెప్పిన ధరలు సుమారుగా చెప్పినవే, ఊరిని బట్టీ నెలను బట్టీ మారిపోతుంటాయి. ఏ తూటాలో ఎంత పౌడర్ పోయాలనే కొలతలు మాత్రం ఇందులో ఉండవు. అవి ప్రచురించిన మాన్యువల్‌లో చూసుకోవాలి తప్ప ఆన్‌లైన్‌లో ఎవరో రాసింది చూసి పోయకూడదు.

అసలు రీలోడింగ్ అంటే ఏంటి?

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేస్, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కాక మూడు ఖర్చయిపోతాయి, ఇత్తడి కేస్ మాత్రం మిగులుతుంది. కొంచెం ఉబ్బి, మసి పట్టి ఉంటుంది, అంతే. దాన్ని శుభ్రం చేసి, డై అనే అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెచ్చి, కాలిపోయిన ప్రైమర్ తీసేసి కొత్తది పెట్టి, పౌడర్ తూచి పోసి, పైన బుల్లెట్ బిగిస్తే మళ్ళీ తూటా తయారు. పిస్టల్ కేసులు చాలాసార్లు వాడుకోవచ్చు, రైఫిల్ కేసులు ఒత్తిడిని బట్టి ఐదు నుంచి పది, మంచివైతే ఇంకా ఎక్కువ సార్లు వస్తాయి.

డబ్బు మిగులుతుందా?

అందరూ మొదట అడిగేది ఇదే. మీరు ఏ తూటా కాలుస్తారన్నదాని మీదే జవాబు పూర్తిగా ఆధారపడి ఉంటుంది, అందుకని లెక్క వేసి చూపిస్తాను.

9 ఎంఎం అనే పిస్టల్ తూటా తీసుకుందాం, ఎక్కువమంది దగ్గర ఉండేది అదే. ప్రైమర్ 7 సెంట్లు, బుల్లెట్ 10 సెంట్లు అనుకోండి. పౌండుకి 7,000 గ్రెయిన్లు, పౌండు పౌడర్ 40 డాలర్లు, ఒక్కో తూటాకి ఐదు గ్రెయిన్ల చుట్టుపక్కల ఖర్చవుతుంది కాబట్టి పౌడర్‌కి 3 సెంట్లు. మొత్తం 20 సెంట్లు. కేస్ రేంజ్‌లో ఏరుకున్నదే కాబట్టి దాని ఖర్చు లేదు. షాపులో కొత్త తూటా వెయ్యి చొప్పున కొంటే 25 సెంట్లకు దొరుకుతుంది. అంటే ఒక్కోదానికి మిగిలేది 5 సెంట్లు. పరికరాలకు 500 డాలర్లు పెట్టారనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి పదివేల తూటాలు చేయాలి, మీరు కూర్చున్న గంటలకు పైసా కట్టుకోకుండానే. డబ్బు కోసమే అయితే 9 ఎంఎం రీలోడ్ చేయొద్దని నేను సూటిగా చెప్తాను.

ఇప్పుడు .308 మ్యాచ్ తూటా చూడండి, అంటే రైఫిల్‌తో దూరపు గురికి కాల్చేది. మంచి బుల్లెట్ 50 సెంట్లు, పౌడర్ 30 సెంట్లు, ప్రైమర్ 8 సెంట్లు, ఫిన్లాండ్‌లో తయారయ్యే లపువా లాంటి మంచి కేస్‌ని పదిసార్లు వాడతామనుకుంటే ఒక్కో వాడకానికి పది పన్నెండు సెంట్లు. మొత్తం డాలర్ చుట్టూ తేలుతుంది. అదే నాణ్యత ఉన్న ఫ్యాక్టరీ తూటా డాలరున్నరకి తక్కువకు దొరకడం కష్టం, రెండు డాలర్లు దాటేవి కూడా ఉన్నాయి. ఇక్కడ వెయ్యి తూటాల లోపే పరికరాల ఖర్చు వచ్చేస్తుంది. .45 కోల్ట్, .44 మాగ్నమ్ లాంటి రివాల్వర్ తూటాలైతే ఇంకా తేడా ఉంటుంది: షాపులో డాలర్ దగ్గర పలికేవి ఇంట్లో పూత వేసిన సీసం బుల్లెట్‌తో 30 సెంట్ల చుట్టూ అయిపోతాయి.

.223 అనే రైఫిల్ తూటా ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. మామూలు ప్రాక్టీస్ తూటాలకు పది పదిహేను సెంట్లు మిగిలినా, కేసులు డైలో ఇరుక్కోకుండా లూబ్ అనే జారుడు పూత పూయడం, పొడవు పెరిగినవాటిని కత్తిరించడం లాంటి పనుల్లో ఆ మిగులు రుచి పోతుంది.

ఇంకో సంగతి, రీలోడ్ చేసేవాళ్ళు ఎవరూ చివరికి తక్కువ ఖర్చు పెట్టరు. తూటా చవకగా పడుతోందని ఎక్కువ కాలుస్తారు. అదే డబ్బుకి ఎక్కువ ప్రాక్టీస్ దొరుకుతుంది, నా దృష్టిలో అది మంచి బేరమే. కానీ నెల చివర బ్యాంకు ఖాతాలో డబ్బు మిగులుతుందని ఇంట్లోవాళ్ళకి మాట ఇవ్వకండి.

మొదట్లో ఎంత పెట్టుబడి పెట్టాలి?

అన్నిటికంటే చవక విస్కాన్సిన్‌లోని లీ కంపెనీ చేసే లీ లోడర్: చిన్న డబ్బాలో వస్తుంది, సుత్తితో కొట్టి ఒక్కో తూటా చేసుకోవాలి. 50 డాలర్ల లోపే దొరుకుతుంది గానీ అందరికీ ఓపిక ఉండదు.

సింగిల్ స్టేజ్ ప్రెస్ అంటే లివర్ ఒకసారి లాగితే ఒకే పని జరుగుతుంది. లీ వాళ్ళ కిట్ రెండొందల డాలర్ల చుట్టుపక్కల, ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ కిట్ నాలుగైదు వందల వరకు ఉంటుంది. ఈ ఆర్‌సీబీఎస్‌ని కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టాడు, ఆ బరువైన ఇనుప ప్రెస్‌లు తాతల నాటివి కూడా ఇప్పటికీ పనిచేస్తూ చేతులు మారుతుంటాయి. పాతది కొనడానికి ఏమాత్రం వెనకాడాల్సిన పని లేదు. ప్రెస్, డైలు పాతవైనా పర్లేదు, తుప్పు, పగుళ్ళు చూసుకుంటే చాలు. పాత పౌడర్, పాత ప్రైమర్లు, ఎవరో చేసి పెట్టిన తూటాలు మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, మూత తీసిన డబ్బాలో నిజంగా ఏముందో ఎవరూ చెప్పలేరు.

ప్రోగ్రెసివ్ ప్రెస్ అంటే లివర్ లాగిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా బయటికి వస్తుంది. అరిజోనాలోని డిల్లన్ వాళ్ళవి పేరున్నవి, అన్నీ అమర్చుకునేసరికి వెయ్యి డాలర్లు దాటుతుంది. గంటకు నాలుగైదు వందలు చేయొచ్చు. అదే సింగిల్ స్టేజ్‌లో అలవాటైనవాళ్ళు కూడా గంటకు యాభై నుంచి వంద.

ప్రెస్ ఒక్కటే చాలదు. తూకం, పొడవు కొలిచే కాలిపర్, కేసులు శుభ్రం చేసే టంబ్లర్, కనీసం రెండు మాన్యువళ్ళు కావాలి. మాన్యువల్ దగ్గర పిసినారితనం వద్దు. పిస్టల్‌కైతే కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన డై కొనండి, తిన్నటి గోడల కేసులకు లూబ్ పూయాల్సిన పని తప్పుతుంది.

ప్రైమర్లు, పౌడర్ ధరలు ఎందుకు ఇంత ఎగుడుదిగుడు?

2020కి ముందు ప్రైమర్ మూడు నాలుగు సెంట్లు. కోవిడ్ ఏడాది తుపాకుల కొనుగోళ్ళు ఒక్కసారి పెరిగాయి, తూటాలకు గిరాకీ వచ్చింది, ఫ్యాక్టరీలు తమ ప్రైమర్లని తమ తూటాలకే వాడుకున్నాయి, విడిగా అమ్మేవి అల్మారాల్లో కనబడకుండా పోయాయి. అప్పట్లో ఒక్కోటి పది సెంట్లు, దానికంటే చాలా ఎక్కువ కూడా పలికాయి. తర్వాత తగ్గినా పాత ధరకి రాలేదు. పౌడర్ కథ వేరే. దానికి మూలపదార్థం నైట్రోసెల్యులోజ్, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుళ్ళకు అదే కావాల్సి వచ్చింది, దాంతో మనలాంటివాళ్ళకి మిగిలేది తగ్గి ధర పెరిగింది.

ఈ అభిరుచి యుద్ధాల నీడలోనే పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిపోయిన పౌడర్‌ని కాన్సస్‌కి చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ టోకున కొని చవకగా అమ్మడం మొదలుపెట్టాడు, వేలమంది ఇళ్ళలో రీలోడింగ్ అలవాటవడానికి అది పెద్ద కారణం. ఇప్పుడు అదే తిరగబడి, యుద్ధం వస్తే మనకి కొరత.

ఆన్‌లైన్‌లో కొంటే ప్రమాదకర సరుకు రవాణా రుసుము ఇరవై ముప్ఫై డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అది పెట్టెకి ఇంతని ఉంటుంది కాబట్టి ఒకటీ అరా కొంటే దండగ. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకోవడం మంచి పద్ధతి.

మరి ఇంత తలనొప్పిలో సంతోషం ఎక్కడుంది?

నాకైతే ఇదే అసలు ప్రశ్న. ఐటీ ఉద్యోగంలో రోజంతా సగం సగం పనుల మధ్య తిరిగేవాళ్ళకి, ఒక గంట పాటు ఫోన్ పక్కన పెట్టి చేతులతో ఒకే పని, అదీ తప్పు చేయకూడని పని చేయడంలో ఉన్న తృప్తి వేరే చోట దొరకడం కష్టం. సంగీతం పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం ఉండదు. కేస్ డైలోకి వెళ్ళేటప్పుడు లివర్ మీద తగిలే బరువు, ప్రైమర్ గుంటలో కూర్చున్నప్పుడు వేలికి తెలిసే మెత్తటి ఆగుడు, ఇవి కొన్నాళ్ళకి చేతికి అలవాటైపోతాయి, ఏదైనా తేడాగా ఉంటే కన్ను చూడకముందే చెయ్యి పట్టేస్తుంది. వదులైన ప్రైమర్ గుంట, నెర్రె ఇచ్చిన కేస్ మూతి, ఇవన్నీ అలాగే దొరుకుతాయి.

రెండోది, మీ తుపాకికి సరిపడే తూటా మీరే తయారు చేసుకోవడం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్ళు రెండున్నా వాటికి నచ్చే తూటా ఒకటే కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు లోకంలో ఉన్న అన్ని రైఫిళ్ళలోనూ పట్టేట్టు చేస్తారు. మీరు మీ ఒక్క రైఫిల్ కోసం చేస్తారు: బుల్లెట్ మార్చి చూస్తారు, దాన్ని కేస్‌లోకి ఎంత లోతుకు దించాలో మార్చి చూస్తారు, పౌడర్‌ని మాన్యువల్ హద్దుల్లోనే కొంచెం కొంచెంగా మార్చి చూస్తారు, ప్రతి మార్పునీ నోటు పుస్తకంలో రాస్తారు. వంద గజాల దూరంలో అరచేయంత పడుతున్న చిల్లుల గుంపు బొటనవేలి గోరంతకి తగ్గిందనుకోండి, అది మీ పని వల్ల తగ్గిందని మీకు తెలుసు. దబాయించి చెప్పక్కర్లేదు, కాగితం మీద చిల్లులు కనబడుతుంటాయి.

మూడోది కొలతల పిచ్చి ఉన్నవాళ్ళకి. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లు ఒకప్పుడు ఎండ, నీడ సరిగ్గా ఉంటేనే పనిచేసేవి. రాడార్‌తో పనిచేసేవి వచ్చాక ఆ బాధ పోయింది, 2023లో గార్మిన్ వాళ్ళు తెచ్చినదైతే అరచేతిలో పడుతుంది, ధర మాత్రం ఆరొందల డాలర్ల దగ్గర. పది తూటాల వేగాల మధ్య తేడా ఎంత తక్కువుంటే మీ పని అంత నిలకడగా ఉన్నట్టు. స్టాండర్డ్ డీవియేషన్ అని కాలేజీలో పరీక్ష కోసం చదివింది ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఐదు తూటాలు కాల్చి గొప్ప అంకె వచ్చిందని సంబరపడొద్దు, శాంపిల్ చిన్నదైతే అంకె అబద్ధం చెప్తుంది.

పెద్దవాళ్ళతో స్నేహం కూడా కలుస్తుంది. రేంజ్‌లో ఈ విద్య తెలిసినవాళ్ళు ఎక్కువగా అరవై దాటినవాళ్ళు. ఖాళీ కేసులు ఏరుకుంటుంటే వాళ్ళే వచ్చి పలకరిస్తారు, అడిగితే తమ గరాజ్‌కి పిలిచి ఓపికగా చూపిస్తారు. వీడియోలు ఎన్ని చూసినా, అనుభవం ఉన్న మనిషి పక్కన నిలబడి మొదటి పాతిక తూటాలు చేయడానికి సాటి రాదు.

.22 రీలోడ్ చేయొచ్చా?

కుదరదు. .22 ఎల్‌ఆర్ రిమ్‌ఫైర్, ప్రైమర్ మందు అంచులోనే కలిసిపోయి ఉంటుంది. ఒకసారి తుపాకి పిన్ను తగిలి నొక్కుకుపోయాక ఆ కేస్ పని అయిపోయినట్టే.

ఏ తూటాతో మొదలుపెడితే మంచిది?

మీ దగ్గర రివాల్వర్ ఉంటే .38 స్పెషల్. ఒత్తిడి తక్కువ, కేస్ తిన్నగా ఉంటుంది, ఎగిరి గడ్డిలో పడకుండా మీ చేతిలోకే వస్తుంది. ఒక్కటే జాగ్రత్త: 1898 నాటి ఆ కేస్ లోపల చోటు చాలా ఎక్కువ, పౌడర్ అడుగున కొంచెమే ఉంటుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు. అందుకే లోపల ఎక్కువ చోటు నింపే రకం పౌడర్ ఎంచుకుని, బుల్లెట్ పెట్టే ముందు యాభై కేసుల్నీ లైటు కింద వరసగా చూడాలి.

ఇషాపూర్ రైఫిల్ కొన్నాను, .303 తూటాలు దొరకడం లేదు, చేసుకోవచ్చా?

ఈ ప్రశ్న వింటే నాకు భలే సంతోషం. మన పోలీసుల భుజాన దశాబ్దాలు వేలాడిన త్రీ నాట్ త్రీ, పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి అమెరికాలో పాత తుపాకులు సేకరించేవాళ్ళ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. తూటాలు మాత్రం తక్కువగా దొరుకుతాయి, ధర కూడా ఎక్కువే, రీలోడింగ్‌కి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

ఈ రైఫిల్‌కి ఒక గుణం ఉంది. తూటా వెనక మూసే బోల్ట్ వెనకవైపు లాక్ అవుతుంది, యుద్ధంలో బురద పట్టినా పనిచేయాలని తూటా కూర్చునే ఛాంబర్ వదులుగా చేశారు. దాంతో కాల్చిన ప్రతిసారీ కేస్ బాగా సాగుతుంది, పూర్తి సైజుకి నొక్కుతూ పోతే మూడు నాలుగు వాడకాలకే అడుగు భాగం దగ్గర గోడ పల్చబడి విడిపోతుంది. అందుకని మెడ భాగం మాత్రమే సైజు చేస్తారు, ఆ కేసుల్ని ఆ ఒక్క రైఫిల్‌కే వాడతారు. వంచిన సన్నటి తీగ కేస్ లోపలికి పంపి గోడ వెంట గీరి చూస్తే పల్చబడిన చోట కొన తగులుకుంటుంది, అలా తగిలిన కేస్ చెత్తబుట్టకే. అదే ఇషాపూర్‌లో 1960ల్లో 7.62 ఎంఎం తూటాకి చేసిన 2ఎ రకం రైఫిళ్ళు కూడా ఉన్నాయి, మీది ఏదో రైఫిల్ మీద గుర్తులు చూసి నిర్ధారించుకున్నాకే డై కొనండి. పాత .303 సైనిక తూటాల కేసులు చాలావరకు బెర్డాన్ రకం ప్రైమర్‌తో వస్తాయి, లోపల రెండు చిన్న రంధ్రాలుంటాయి కాబట్టి మామూలు డైలో పాత ప్రైమర్‌ని తోసే పిన్ను విరుగుతుంది. ఒకే రంధ్రం ఉన్న బాక్సర్ రకం కేసులే తీసుకోండి.

ఇల్లు పేలిపోతుందని మా ఆవిడ భయం. నిజమేనా?

ఆవిడ అడగడం న్యాయమే, మాటలతో కొట్టిపారేయకండి. మన ఊళ్ళల్లో తుపాకి మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు, అది నిజంగా పేలుడు పదార్థం. ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని పౌడర్ వేరు, బయట అంటుకుంటే వేగంగా, చాలా వేడిగా మండుతుంది, బిగించిన చోట ఉంటేనే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే దాన్ని కంపెనీ ఇచ్చిన పల్చటి డబ్బాలోనే ఉంచాలి, గట్టి స్టీలు డబ్బాలోకి మార్చకూడదు. అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ఇళ్ళలో 20 పౌండ్ల వరకు పౌడర్, పదివేల ప్రైమర్లు ఉంచుకోవడానికి ఒప్పుకుంటుంది, మీ ఊరి నిబంధన ఇంకా తక్కువ ఉండొచ్చు. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ప్రైమర్ల దగ్గర, అవి దెబ్బకి పేలతాయి. గాజు సీసాలో కలిపి పోసి పెట్టొద్దు, కింద పడితే వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు.

ఇంటికంటే పెద్ద ప్రమాదం తుపాకి దగ్గర ఉంటుంది. పౌడర్ రెండింతలు పడితే తుపాకి పగులుతుంది. అసలు పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని నెట్టి గొట్టం మధ్యలో వదిలేస్తుంది, దాని వెనక ఇంకోటి కాల్చారంటే చేతులకు, కళ్ళకు ముప్పు. శబ్దం 'టప్'మని నీరసంగా వస్తే వెంటనే ఆపి గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. అలసటగా ఉన్నప్పుడు, మందు తాగినప్పుడు, పిల్లలు చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ గదిలోకే వెళ్ళొద్దు.

సీసం సంగతి?

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అది నాకు నచ్చదు. బుల్లెట్లలో సీసం ఉంటుంది, ప్రైమర్ మసిలో కూడా ఉంటుంది. కేసుల్ని పొడి టంబ్లర్‌లో తిప్పితే ఆ దుమ్ము గాల్లోకి లేస్తుంది, నీళ్ళతో కడిగే రకం మేలు. ఆ గదిలో తినకూడదు, టీ కూడా తాగకూడదు. వంటగది బల్ల మీద ఈ పని పెట్టుకోనే కూడదు. పాకే పిల్లలున్న ఇల్లయితే గరాజ్‌లో చేసి, చెప్పులు అక్కడే వదిలి, బట్టలు విడిగా ఉతకండి. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. నేను చేయొచ్చా?

జాగ్రత్తగా చదవండి, మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియని విషయం ఇది. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అదే చట్టం అమ్యూనిషన్ నిర్వచనంలో తయారైన తూటానే కాదు, కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా చేర్చింది. అంటే తుపాకి కొనకుండా రీలోడింగ్ సామాను మాత్రం తెచ్చుకున్నా చిక్కే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ నిషేధం వర్తించదు, రాష్ట్రాల నియమాలు మాత్రం వేరే ఉంటాయి. వీసా మీద ఉన్నప్పుడు మినహాయింపుని నమ్ముకుని ముందుకు వెళ్ళాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, అన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న స్టేటస్‌ని ఒక అభిరుచి కోసం పణంగా పెట్టకండి.

హైదరాబాద్‌లో చేసుకోవచ్చా? అక్కడికి ఏమైనా తీసుకెళ్ళొచ్చా?

ఇండియాలో అమ్యూనిషన్ తయారీకి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి, తూటా భాగాలు, తయారీ యంత్రాలు కూడా ఆ చట్టం నిర్వచనంలోకే వస్తాయి. తుపాకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఇంట్లో రీలోడింగ్ కుదరదు.

ఊరికి వెళ్ళేటప్పుడు రేంజ్‌కి వాడిన బ్యాగ్ సూట్‌కేస్‌గా వాడొద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనబడి ఆయుధ చట్టం కింద కేసైన ఘటనలున్నాయి, తెలియక ఉండిపోయిందని నిరూపించుకోవడానికి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఖాళీ కేసుల కీచైన్ కూడా అక్కర్లేదు. రేంజ్‌కి ఒక బ్యాగ్ విడిగా కేటాయించి గరాజ్ దాటనివ్వకండి.

నేను చేసినవి స్నేహితులకు అమ్మొచ్చా?

మీ సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకం వ్యాపారంగా చేయాలంటే అమ్యూనిషన్ తయారీ లైసెన్స్ తీసుకోవాలి. అమ్మడం సరే, ఊరికే ఇవ్వడం కూడా నేను చేయను. మీ తుపాకిలో పరీక్షించిన తూటా వాళ్ళ తుపాకిలో ఎలా ఉంటుందో మీకు తెలియదు, చాలా తుపాకి కంపెనీలు రీలోడ్ వాడితే వారంటీ ఇవ్వవు. స్నేహితుడికి అంత ఆసక్తి ఉంటే ఒక శనివారం గరాజ్‌కి పిలవండి, రక్షణ కళ్ళద్దాలు ఇచ్చి పక్కన కూర్చోబెట్టి అతని తూటా అతని చేతే చేయించండి.